కుటుపాలాంగు: కంచె నడుమ వెదురు నగరము

ఎకరమన నెంతయో భూవసతి గల మా పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. మాగాణి యెకరమున నేపాటి సంసారము గడచునో, మెట్ట యెకరమున నేపాటి గింజ రాలునో వారెఱుగుదురు. పట్టణవాసులును ఇంటిస్థలమును గజములతో కొలుచుకొనువారే. బంగ్లాదేశమున, కాక్సుబజారు జిల్లాలోని ఉఖియా తాలూకాలో, ఇసుకమట్టి గుట్టల నడుమ ఇంచుమించు 3,200 ఎకరముల నేల కలదు. ఆ నేలపై 6 లక్షలకు మించిన జనులు కాపురముండిరి. ఎకరమునకు 180 మందికి పైమాట. ఆ యెకరములోనే వారి యిండ్లు, దారులు, మరుగుదొడ్లు, మసీదులు, బడులు, వైద్యశాలలు, తుదకు గోరీలును ఇమిడియుండవలెను. అంతస్తుల మేడ యొక్కటియు లేదు. అన్నియు నేలపై నానుకొనిన వెదురు గుడిసెలే. దానిపేరు కుటుపాలాంగు కాందిశీక శిబిరము. చుట్టుపట్లనున్న చిన్న శిబిరములను గూడ కలుపుకొన్నచో 33 శిబిరములు. 2025 నాటికి అందలి జనసంఖ్య 11 లక్షలు దాటెను.

వీరు రోహింగ్యాలు. నాఫు నది కావలియొడ్డున, మియన్మారు దేశమున రఖైను రాష్ట్రము వీరి జన్మభూమి. మన పెద్దలు దానినే అరకాను అనెడివారు. 1982 సంవత్సరపు పౌరసత్వ శాసనము వీరిలో అత్యధికులను తమ పుట్టినగడ్డపైననే పరదేశులను జేసినది. అంతకు ముందే 1978లో ఒకసారి, ఆ పిమ్మట 1991-92లో మఱియొకసారి, లక్షలాదిగ నది దాటివచ్చిరి. అపుడు వచ్చినవారిలో పెక్కురు తిరిగి పంపబడిరి, కొందఱు మిగిలిరి. ఆ మిగిలినవారికై వెలసినదే పాత కుటుపాలాంగు. 2017 ఆగస్టు 25వ తేదీన సాయుధులగు రోహింగ్యాలు కొందఱు పోలీసు ఠాణాలపై బడగా, దానిని నెపముగ గొని మియన్మారు సైన్యము పల్లెలపై విరుచుకపడెను. ఊళ్లకు ఊళ్లు తగులబడెను. కొలది మాసములలో 7 లక్షలకు మించిన జనులు, వారిలో సగమునకు పైగా పిల్లలు, ఒడ్డు చేరిరి.

ఆ తీరము మనకు బొత్తిగా పరాయిది కాదు. 1942లో జపాను సేనలు బర్మాలో జొరబడినపుడు రంగూనునుండి వెడలిన భారతీయులలో అనేకులు ప్రోము మీదుగ టౌంగప్పు కనుమ దాటి, అక్యాబు రేవు చేరి, అచ్చటినుండి చిట్టగాంగునకు వచ్చిరి. అది ఈ యరకాను తీరమే. రంగూను రేవులో మూటలు మోసిన కూలిజనములో తెలుగువారు ఎంతమంది యుండిరో కోస్తాజిల్లాల పల్లెలకు తెలియును. విశాఖపట్టణమున బర్మాక్యాంపు అను పేట నేటికిని ఆ పేరుతోనే పిలువబడుచున్నది. కావున ఈ శిబిరపు సంగతి పొరుగింటి సంగతిగనే మా పాఠకులు చదువుదురని మా నమ్మకము.

మొట్టమొదటి దినములలో అచ్చట శిబిరమని చెప్పదగినదేమియు లేదు. వానకాలము. జనులు దారిప్రక్కలను, వరిమళ్ల గట్లమీదను, బడుల యరుగులమీదను పడియుండిరి. వారికి తొలి ముద్ద పెట్టినది ఐక్యరాజ్యసమితి కాదు. ఉఖియా, టెక్నాఫు పల్లెవాసులు. తమ వాకిళ్లలో చోటిచ్చినవారు, వండి పెట్టినవారు, పాతబట్టలు తెచ్చి పంచినవారు ఆ బీదరైతులే. పిమ్మట ప్రభుత్వము అడవినేలను చూపెను. సైన్యము వరుసలు తీర్చెను. లోకమందలి సంస్థలన్నియు వచ్చిచేరెను. జనులు గుట్టలను గునపములతో మెట్లుగ చెక్కి, మెట్టుకొక గుడిసె వేసికొనిరి. చెట్లు కొట్టివేయబడెను, వంటకై వేళ్లు సైతము త్రవ్వి తీయబడెను.

అంతమంది అట్లు గుమిగూడినచోట మొదట భయపడవలసినది మహామారికి. తొందరలో త్రవ్విన మరుగుదొడ్ల సరసనే తొందరలో దింపిన గొట్టపుబావులుండెను. ఒకదాని మురికి మఱియొకదానిలోనికి దిగుచుండెను. ఇది కలరాకు పీట వేసి పిలిచినట్లే. అయినను ఆ కలరా ఊచకోత జరుగలేదు. ఏలయన 2017 అక్టోబరు 10వ తేదీనుండి, నోటిలో పోయు కలరా టీకామందు 9 లక్షల మోతాదులు తెప్పించి, గుడిసె గుడిసెకును తిరిగి పోసిరి. జబ్బు వచ్చిన పిదప పరుగెత్తుట లోకరీతి. జబ్బు రాకముందే పనిజరిగిన యీ సందర్భము శ్లాఘనీయమైనది. అదే సంవత్సరము చివర, వైద్యులు పుస్తకములలో మాత్రమే చదివి యెన్నడును కంటజూడని డిప్తీరియా, అనగా కంఠసర్పి, పిల్లలలో చెలరేగెను. స్వదేశమున ఈ బిడ్డలకు టీకాలు సరిగ వేసినవారు లేరని దానివలన తేటతెల్లమయ్యెను. దానిని సైతము టీకాలతోను, మందులతోను అణచిరి. తరువాతి యేండ్లలో లోతైన బోరుబావులు, ఎండవేడిమి విద్యుత్తుతో నడచు పంపులు, క్లోరిను కలిపిన కుళాయినీరు వచ్చెను. మనదేశమున పెక్కు మునిసిపాలిటీలు అరకొరగ వదలివేసిన పనిని, అనగా మరుగుదొడ్ల మడ్డిని ఎత్తి శుద్ధిచేయు పనిని, అచ్చట ప్రత్యేక కర్మాగారములు పెట్టి చేయుచున్నారని మేము సిగ్గుతో పేర్కొనుచున్నాము.

ఏనుగుల సంగతి యొకటి చెప్పవలెను. శిబిరము వెలసినచోటు అడవియేనుగులు తరతరములుగ అటునిటు నడచు దారి. మొదటి మాసములలోనే పదిమందికి పైగా కాందిశీకులు వాని కాళ్లక్రింద పడి చనిపోయిరి. శిబిరపు టంచుల వెంబడి వెదురుమంచెలు కట్టి, కాందిశీకులలోనుండియే కావలివారిని తీసి, జంతువును రెచ్చగొట్టక అడవివైపు మఱలించు విద్యను వారికి నేర్పిరి. పొలములకు మంచెకట్టు మన రైతులు ఆ యేర్పాటును చూచిన వెంటనే పోల్చుకొందురు. వంటచెఱకు విషయమునను ఇట్టి తెలివియే జరిగినది. దినదినమును వేలకొలది స్త్రీలు, పిల్లలు కట్టెలకై అడవికి బోవుచుండగా అడవి తఱుగుచుండెను. అడవిలో వారికి అపాయమును కలుగుచుండెను. 2018నుండి గ్యాసుబండలు పంచనారంభించిరి. కట్టెకొట్టుట చాలవఱకు నిలిచెను. బోడిగుట్టలపై గడ్డి, మొక్కలు నాటగా పచ్చదనము మరల కనబడజొచ్చెను.

ఇంటికి వాడుటకు వెదురు, టార్పాలిను పట్ట, త్రాడు మాత్రమే. ఇటుక, సిమెంటు కూడదని ప్రభుత్వపు నిబంధన. పక్కాయిల్లు కట్టిన కదలిపోరని వారి శంక. వానకాలమున గుట్టచరియలు విఱిగిపడును. 2021 జూలైలోను, 2024 జూనులోను అట్లు మట్టిక్రింద సమాధియైన సంసారములు కలవు. తుపానుల తీరమగుటచే కాందిశీకులలోనుండియే వేలకొలది స్వచ్ఛందసేవకులకు తర్ఫీదునిచ్చిరి; జెండాలెత్తి ప్రమాదస్థాయి తెలుపుట, వృద్ధులను గర్భిణులను ముందుగ తరలించుట వారి పని. 2023 మే 14వ తేదీన మోఖా తుపాను వచ్చినపుడు గుడిసెలు వేలసంఖ్యలో పాడయినను, ప్రాణనష్టము భయపడినంత జరుగకపోవుటకు వారి పూనికయు నొక కారణము. అగ్ని మాత్రము వీరి మాట వినదు. 2021 మార్చి 22వ తేదీన మంట లేచి ఒక్క దినములో 45,000 మంది గూడు మాడ్చినది. పదిమందికి పైగా దగ్ధులైరి. అంతకుముందే శిబిరము చుట్టును ముళ్లతీగ కంచె వేయబడియుండెను. పరుగెత్తిన జనులకు ఆ కంచె అడ్డుపడినదని బ్రదికి బయటపడినవారు చెప్పిరి.

పాలన మాట యొకించుక. శిబిరమునకొక ప్రభుత్వాధికారి. వానిక్రింద పేటపేటకు మాఝీలు. వీరు మొదటిదినములలో సైన్యము ఎంచి పెట్టిన పెద్దలు, మన పల్లెల పెత్తందారులవంటివారు. మంచివారును కలరు, చేయి చాపువారును కలరు. రాత్రులందు ఆయుధములు పట్టిన ముఠాలు తిరుగుచుండును. రోహింగ్యాల పక్షమున నిలిచి మాటలాడిన మొహీబుల్లా అను నాయకుని 2021 సెప్టెంబరు 29వ తేదీన శిబిరములోనే కాల్చి చంపిరి.

ఇక అసలు సంగతి అన్నము. ఆరంభమున బియ్యము, పప్పు, నూనె కొలిచి యిచ్చెడివారు. పిదప ప్రపంచ ఆహార కార్యక్రమమువారు కుటుంబమునకొక కార్డునిచ్చి, తలకింత అని మాసమునకు సొమ్ము జమకట్టి, శిబిరములోని నిర్ణీత దుకాణములలో కోరిన సరకు కొనుకొన్నటకు వీలు కల్పించిరి. బియ్యముతోపాటు గ్రుడ్డు, ఉల్లి, ఆకుకూర, ఎండుచేప ఏది వలయునో ఇల్లాలే యెంచుకొనును. పెట్టినది తినుటకును, కావలసినది ఎంచుకొని తినుటకును గల భేదము సంసారులకు చెప్పనక్కరలేదు. ఈ యేర్పాటును మేము మనసార మెచ్చుకొందుము. కాని ఆ జమ యెంత? తలకు మాసమునకు 12 డాలర్లు. ధనము చాలలేదని 2023 మార్చిలో దానిని 10 చేసిరి. జూనులో 8 చేసిరి. ఆనాటి మారకము ప్రకారము ఎనిమిది డాలర్లనగా దినమునకు మన రూపాయలు 22. రెండుపూటల భోజనమునకు, పసిబిడ్డ పాలకు, బాలింత పథ్యమునకు ఇరువదిరెండు రూపాయలు! ఫలితము వెంటనే లెక్కలకెక్కెను. ఆ సంవత్సరాంతమునకు బక్కచిక్కిన పసివారి సంఖ్య నూటికి 15 దాటెను; అది అత్యయిక పరిస్థితికి గుఱుతుగ వైద్యనిపుణులు పెట్టిన గీత. 2024 జనవరిలో మరల 10, ఆగస్టులో 12న్నర చేసిరి. 2025 మార్చిలో, అమెరికా ప్రభుత్వము విదేశసహాయమును కుదించిన పిమ్మట, ఏప్రిలునుండి 6 డాలర్లే యని చెప్పి, నెల తిరుగునంతలో ఏలాగో 12 నిలిపిరి. ఎక్కడనో దూరదేశపు రాజధానిలో బడ్జెటు మాఱిన, కుటుపాలాంగులో తల్లి గిద్దెడు బియ్యము తగ్గించి పొయ్యిమీద పెట్టును.

ఇట్టి దురవస్థకు మూలము దాతల పిసినారితనము మాత్రమే యని మేమనుకొనుట లేదు. మూలము వేఱొకటి. ఈ పదకొండు లక్షల జనులలో రైతులు కలరు, పడవవాండ్రు కలరు, వడ్రంగులు, బెస్తలు, దర్జీలు కలరు. వారెవరును శిబిరము వెలుపల పనిచేయరాదు. భూమి కౌలునకు పట్టరాదు. సంస్థలవారి పనులలో గంటలలెక్కన ఇచ్చు స్వల్పభృతియే చట్టసమ్మతమైన సంపాదన, అదియు కొందఱికే. బుద్ధిమంతులు శిబిరము లోపలనే బడ్డీకొట్లు పెట్టుకొనిరి. 2021 చివరనుండి వానిలో వేలకొలది కూల్చివేయబడెను. చదువు సంగతియు నంతే. పిల్లలు అచ్చటి బడులలో చేరరాదు. వెదురుపాకలలో ఆటపాటలతో కూడిన ప్రాథమికబోధ మాత్రము చాలకాలము సాగెను. 2021 చివరనుండి మియన్మారు పాఠ్యప్రణాళిక ప్రవేశపెట్టిరి. కాందిశీకులలోని ఉపాధ్యాయులే సొంతముగ నడుపుకొన్న బడులను అదే కాలమున మూయించిరి. 2025 జూనులో ధనలోపముచే వేలాది బోధనకేంద్రములు ఆగిపోయెను. 2017లో పాలుద్రాగు శిశువుగ నది దాటిన బిడ్డకు అప్పటికి ఎనిమిదేండ్లు.

బంగ్లాదేశము పక్షమున చెప్పవలసినదియు కలదు. దానిని చెప్పక విడుచుట న్యాయము కాదు. సంపన్నములగు దేశములు తలుపులు మూసికొనిన కాలమున, తన ప్రజలకే నేల చాలని దేశము తలుపు తెఱచినది. ఉఖియా, టెక్నాఫులలో కాందిశీకులు స్థానికులకు రెట్టింపు. కూలిరేట్లు పడిపోయెను, వంటసరకుల వెలలు పెరిగెను, పొలములలో శిబిరపు మురుగు పాఱెను, అడవి పోయెను. మొదటి ముద్ద పెట్టిన పల్లెవాసియే నేడు విసిగినాడన్న అతనిని నిందించు అధికారము మనకు లేదు. కాందిశీకులకు హక్కులనిచ్చు 1951 సంవత్సరపు అంతర్జాతీయ ఒడంబడికపై బంగ్లాదేశము సంతకము చేయలేదని యెత్తిపొడుచువారు కలరు. మనమును చేయలేదు. మన హైదరాబాదు శివార్లలో, బాలాపూరు పరిసరముల, రోహింగ్యాలు వేలసంఖ్యలో వచ్చి తలదాచుకొనిరి. ఆ రేకులగుడిసెలను చూచిన పిమ్మట కుటుపాలాంగునకు బుద్ధులు చెప్పబూనుట మనకు తగునా?

అయినను ఒక్క మాట యనుటకు మనకు అర్హత కలదు. అది మన చరిత్రవలన వచ్చిన అర్హత. 1947లో పశ్చిమ పంజాబునుండి తరలివచ్చిన జనులు కురుక్షేత్రమున డేరాలలో నిలిచిరి. ఒక దశలో వారి సంఖ్య 3 లక్షలు. ఆ సంవత్సరము నవంబరు 12వ తేదీన, దీపావళినాడు, మహాత్మాగాంధి ఢిల్లీ రేడియో కేంద్రమునకు స్వయముగ వెళ్లి ప్రసంగించినది వారి నుద్దేశించియే. ఆ డేరాల నగరము నేడు లేదు. పశ్చిమమునకు తరలిపోయినవారు విడిచిన భూమిని వచ్చినవారికి పంచిరి. విడిచిన భూమి తక్కువ, వచ్చినవారి భూమి యెక్కువ గావున, కోత విధించిరి. 10 ఎకరములలోపువానికి నాల్గవవంతు కోత. 500 ఎకరములు మించిన భాగమునకు నూటికి 95 కోత. పెద్దకమతముల వారికి అది చేదుమందే. అయినను మింగిరి, దున్నిరి. భూమి లేనివారు నీలోఖేడి, ఫరీదాబాదు పట్టణములను తమ చేతులతోనే కట్టుకొనిరి. వారు ఈ దేశపు పౌరులు, రోహింగ్యాలు బంగ్లాదేశపు పౌరులు కారు. ఈ భేదము గొప్పది, దానిని మేము మఱవలేదు. అచ్చట పంచుటకు విడిచిన భూమియు లేదు. కాని పని చేయనిచ్చుటకు పౌరసత్వ మక్కరలేదు. కొన్ని వృత్తులకు, కొంత పరిధిలో, కొంత కాలమునకు అనుమతి యిచ్చిన చాలును. అపుడు గిద్దెడు బియ్యమునకై వాషింగ్టను వైపు చూడవలసిన పని కొంతయైనను తగ్గును. పన్ను రూపమున కొంత సొమ్ము ఉఖియా పల్లెకును చేరును.

తిరిగిపోవుటయే పరిష్కారమని ఢాకా అధికారులు చెప్పుదురు. కాందిశీకులును అదే చెప్పుదురు. తమ యూరు, తమ పొలము, తమ పేరు కావలెనని వారడుగుచున్నారు. 2018 నవంబరు 15వ తేదీన వారిని పంపుటకు బస్సులు సిద్ధపఱచిరి. ఒక్కరును ఎక్కలేదు. 2019 ఆగస్టు 22వ తేదీన మరల బస్సులు వచ్చినవి, ఖాళీగనే మఱలినవి. పౌరసత్వమును, ప్రాణరక్షణను గూర్చి మాట యిచ్చువారు లేనిదే తగులబడిన యూరికి ఎవడు పోవును? 2020 డిసెంబరునుండి 30,000 మందికి మించి భాసన్‌చర్ అను లంకకు తరలించిరి. అచ్చట ఇటుకయిండ్లు కలవు, చుట్టును సముద్రము. ఇక తెగించినవారు పడవ నెక్కుదురు. 2023లో అట్లు అండమాను సముద్రముపైనను, బంగాళాఖాతముపైనను పయనించిన యించుమించు 4,500 మందిలో 569 మంది మృతులో, జాడ తెలియనివారో అయిరని ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ప్రకటించెను. ఇంతలో రఖైనులో సైన్యమునకును అరకాను ఆర్మీకిని పోరు ముదిరి, 2024 ఆరంభమునుండి పదునెనిమిది మాసములలో మఱి 1,50,000 మంది నది దాటి వచ్చి, ఉన్న గుడిసెలలోనే సర్దుకొనిరి.

ఆ గుడిసెల వెదురు సంగతియొకటి చెప్పి ముగింతుము. మొదట వాడిన పచ్చివెదురును పురుగు తొలిచి, సంవత్సరము తిరుగకుండగనే గుంజలు పొడియై రాలజొచ్చెను. ఏటేట మార్చుట తలకుమించిన వ్యయమై, శిబిరమునకు దగ్గఱనే తొట్లు కట్టి, వెదురును బోరాక్సు కలిపిన నీటిలో నానబెట్టి యారవేయు కార్ఖానా నెలకొల్పిరి. అట్లు మందుపెట్టిన గుంజలు చాల యేండ్లు నిలుచును. ఒకటి రెండేండ్ల మకామని వేసిన గుడిసెలకు ఇపుడు ఆ గుంజలే నాటుచున్నారు.